ఊరంతా తిరగమాత మానేసిన రోజులు

మొన్నామధ్య కర్నూల్లో నా కుడికంటికి శుక్లం తీశారు. పొద్దున ఆటోలో పోయి మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చేశాను. కట్టు కూడా కట్టలేదు. నల్లద్దాలు పెట్టి, చుక్కలమందు సీసా చేతికిచ్చి, "ఇంక ఇంటికి పోవచ్చమ్మా" అని నర్సు అంటే, నాకు నమ్మకం కలగక కాసేపు ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం కోడలు వంటింట్లో పప్పుకి తిరగమాత పెట్టింది. కాగే నూనెలో ఎండుమిరపకాయ నల్లబడే ఘాటు ముక్కుకి తగిలిందో లేదో, నేను రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుని, "ఆపుమే, ఆపు! తిరగమాత పెట్టొద్దన్నారు గదా!" అని కేక పెట్టాను. కోడలు గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు వద్దన్నారత్తా? అన్నీ తినొచ్చని డాక్టరే చెప్పినాడు గదా."

వద్దన్నవాళ్ళలో ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ రాత్రి పప్పన్నం తింటూ కోడలికి ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ ఇంకా ఇంకా గుర్తుకొచ్చింది.

నేను పుట్టిన ఊరు కమలాపురానికి దగ్గర. కొంత నల్లరేగడి, కొంత రాళ్ళనేల. ఊరికి పడమటి పక్క మా పేట, పేట మధ్యలో నాపరాళ్ళతో కట్టిన గుడి. మేం క్రైస్తవులం. అయినా చర్చి అనే మాట మా పెద్దవాళ్ళ నోట వచ్చేది కాదు, గుడి అనే అనేవాళ్ళు. దాని పక్కనే రెండు గదుల బడి. ఆ బడిలో పంతులమ్మ మా నాయన చెల్లెలు, అంటే మా అత్త. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళనల్లా నవ్వి పంపించేసి బడితోనే ఉండిపోయిన మనిషి. మాతోపాటే ఉండేది.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కండ్లకి పొర కమ్మి అప్పటికి చాలా ఏళ్ళయింది. మనిషి ఎదురుగా నిలబడితే ఏదో నీడ కదిలినట్టు మాత్రం తెలిసేది. గోడ తడుముకుంటూ ఇల్లంతా తిరిగేది. బయటికి పోవాలంటే మాత్రం నా భుజం కావాలి. నాకప్పుడు పన్నెండో పదమూడో. అవ్వ చెయ్యి బరువు నా ఎడమ భుజానికి ఎంత అలవాటైపోయిందంటే, ఒంటరిగా నడిచేటప్పుడు కూడా ఆ పక్కకి కొంచెం వంగి నడుస్తున్నానని బళ్ళో పిల్లలు ఎక్కిరించేవాళ్ళు.

ఒక చలికాలం అత్త ఏదో పంతుళ్ళ శిక్షణకని పట్నం పోయింది. అక్కడ ఒక పెద్ద సత్రంలో కంటి ఆపరేషన్ల శిబిరం చూసిందట. ముసలివాళ్ళు వరసగా పడుకుని ఉండటం, కట్టు విప్పాక వాళ్ళు మనవల్ని పేరుపెట్టి పిలవడం చూసి, ఆపరేషన్లు చేస్తున్న డాక్టరమ్మ దగ్గరికి తిన్నగా పోయి, "మా ఊరికి కూడా రాండి" అని అడిగేసింది. ఆవిడ వస్తానంది. అయితే గోడలకి కొత్త సున్నం వేసిన పెద్ద గది కావాలి, కాచిన నీళ్ళు కావాలి, ఆపరేషన్ అయిన ప్రతి మనిషి పక్కనా కట్టు విప్పేదాకా ఇంకో మనిషి ఉండాలి అని చెప్పింది.

అత్త బస్సు దిగి ఇంటికి కూడా రాకుండా, సంచి చేత్తో పట్టుకునే శెట్టి అంగడికి పోయింది. ఊరికంతటికీ బియ్యం, నూనె, మిరపకాయలు అమ్మేదీ కొనేదీ ఆ శెట్టే. అవ్వకి ఉప్పు కొనడానికి పోయి నేనూ అక్కడే ఉన్నాను.

"శెట్టిగారూ, మన ఊరికి కండ్ల డాక్టర్లు వస్తారంట. మేము గుడి ఇస్తాం. కూటికి బియ్యం, పప్పు మీరియ్యాల" అంది అత్త.

"ఇస్తాలే టీచరమ్మా. ముందు ఇది చెప్పు. కన్ను కోసేది నిజమేనా?"

"నిజమే."

"కోసినంక మళ్ళీ కనపడతాదా?"

"కనపడాలనే గదా కోసేది."

శెట్టి తూకంరాయి చేతిలో అట్లాగే పట్టుకుని కాసేపు వీధిలోకి చూశాడు. "మాయమ్మ కండ్లు కనపడకుండానే పాయ. ఇట్లాంటోళ్ళు అప్పుడు యాడుండారో" అన్నాడు. తర్వాత రాయి కింద పెట్టి, "కట్టెలు కూడా నేనే తోలిస్తాలే" అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అత్త గుడి మెట్ల మీద నిలబడి, ఎవరేం పని చేస్తారో మీరే చెప్పండి అని అడిగింది. పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేసే అలవాటున్న ఊరు కాబట్టి పనులకేం భయపడలేదు. మా నాయన, ఇంకొందరు మగవాళ్ళు సున్నం తమదన్నారు. ఎద్దులబండి ఉన్నవాళ్ళు తోటబావి నుంచి నీళ్ళు తోలతామన్నారు. మంచాలు ఇంటింటి నుంచీ రావాలి. ఎవరి మంచం ఎవరిదో తెలియడానికి మంచంకోళ్ళకి రంగురంగుల గుడ్డపేలికలు కట్టారు. (అయినా అన్నీ కలిసిపోయాయి. మా ఇంటికి తిరిగొచ్చిన మంచం మాది కాదని మా అమ్మ ఎన్నేళ్ళో అంటూనే ఉండింది.)

ఆపరేషన్ అయినవాళ్ళు తల కదిలించకూడదు. అందుకని తలకి రెండువైపులా ఇసుక సంచులు పెట్టాలని డాక్టరమ్మ చెప్పి పంపింది. టైలరు సాయిబు భార్య ఆ పని తీసుకుంది. ఆమెని మేం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. ఇసుక తేవడం ఆడపిల్లల పని. ఏటికి పోయి సన్నటి ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి, చివరికి పెద్ద మూకుళ్ళలో వేయించాలి, పురుగూ పుట్రా లేకుండా. వేడి ఇసుక కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? మేం పావడాల్లో దాచి తెచ్చిన చెనక్కాయలు అందులో పోసేవాళ్ళం. అవి దోరగా వేగి, ఇసుకలోంచి ఏరుకుని తింటుంటే పెద్ద పండగలాగా ఉండేది. వాసన పట్టి ఖాలా వచ్చేసేది.

"అరే బేటీ! ఇది కండ్లకా, మీ కడుపులకా?" అని అరిచేది. తర్వాత తనే పక్కన కూర్చుని కొంగు పట్టేది.

ముందుగా చోటు చూసుకోవడానికి డాక్టరమ్మ ఒక రోజు వచ్చింది. కోస్తా మనిషి. సన్నగా, తెల్లచీరలో, మాట మెల్లగా. గుడంతా చూసి, బాగుందంది. భోజనానికి మా ఇంటికి తీసుకొచ్చాం. డాక్టరమ్మ తింటుందని మా అమ్మ ఇంకో రెండు మిరపకాయలు ఎక్కువే వేసి పప్పుకి తిరగమాత పెట్టింది. ఇంకేముంది, ఆ ఘాటుకి డాక్టరమ్మకి దగ్గు మొదలైంది. దగ్గి దగ్గి, కండ్లనిండా నీళ్ళతో వీధిలోకి పోయి నిలబడింది. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఊపిరి తిరిగాక డాక్టరమ్మ నవ్వలేదు. "ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఇలాగే వండుతారా?" అని అడిగింది.

"ఇంకా ఎక్కువే" అంది అత్త.

"అయితే కష్టమండీ. కన్ను కోసి కుట్లు వేస్తాం. దగ్గినా, తుమ్మినా ఆ కుట్లు తెగిపోవచ్చు. తెగితే ఆ కన్ను ఇక అంతే. కట్టు విప్పేదాకా ఊళ్ళో ఈ ఘాటు లేకుండా చూడగలరా?"

అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "చూస్తాం" అంది. మా అమ్మ నోరు తెరుచుకుని అత్తవైపు చూడటం నాకింకా కండ్లకు కట్టినట్టుంది.

సున్నం, నీళ్ళు, మంచాలు ఒక ఎత్తు. ఇది ఒక ఎత్తు. "ఉప్పు మానమంటే మానతారేమో టీచరమ్మా. మా ఊరోళ్ళని మిరక్కాయ మానమంటాండావు" అన్నాడు శెట్టి. ఆడవాళ్ళు బావి దగ్గర గొడవే పెట్టారు. తిరగమాత లేని పప్పు ఎట్ల మింగేది, మగోళ్ళు కూటితట్ట విసిరేస్తే నువ్వొచ్చి సర్దిచెప్తావా అని. అత్త ఒక్కో వీధికీ పోయి చెప్పింది. మిరపకాయ మానద్దు, పచ్చిది కొరుక్కోండి, నంజుకోండి. నూనెలో వెయ్యద్దు, దంచద్దు, నిప్పుల మీద కాల్చద్దు. ఆ కాసిన్ని రోజులే. శెట్టి కూడా తన మిరపకాయల మూటలన్నీ ఊరి చివరి కొట్టంలోకి మార్పించాడు. చుట్టుపక్కల రైతులకి ఇప్పట్లో సరుకు తేవద్దని కబురు పెట్టాడు.

ఇంత చేశాక, పేర్లు ఇచ్చే రోజు ఎవ్వరూ రాలేదు.

ఎవరు పుట్టించారో ఏమో, డాక్టర్లు ముసలోళ్ళ కండ్లు పీకి సీసాల్లో వేసుకుని పోతారని ఊళ్ళో ఒక మాట పాకింది. బడి ముందర బల్ల వేసుకుని అత్త పొద్దున్నించీ కూర్చుంది. ఎండ నెత్తిమీదికొచ్చింది. వచ్చేపోయేవాళ్ళు దూరం నుంచే చూసి పోతున్నారు. పైవీధి పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకీ ఒక కన్ను పూర్తిగా, ఇంకోటి సగం పోయాయి. కర్ర తాటించుకుంటూ వచ్చి అందరూ వినేటట్టు అడిగాడు.

"ఏమ్మా టీచరమ్మా, ఊరందరి కండ్లూ కోయించేదానికి తిరగతాండావే. మరి మీయమ్మ పేరేది? ఇంట్లో గుడ్డిదాన్ని పెట్టుకోని మాకు చెప్తాండావా?"

అత్త ముఖం మాడిపోయింది. ఎందుకంటే అవ్వని అడగడం అప్పటికే ఎన్నోసార్లయింది. అవ్వ ఒకటే మాట, "నాకు ఇంగేం చూసేది ఉండాది మే? ఈ వయసులో కత్తి నాకొద్దు." అవ్వకి మహా భయం. ముల్లు తీయాలన్నా సూది చూపించకుండా తీయాలి. ఇంక అత్త బలవంతపెట్టలేదు.

కానీ ఆ పెద్దాయన గొంతు చిన్నది కాదు. బడికీ మా ఇంటి అరుగుకీ మధ్య దూరమూ పెద్దది కాదు. అరుగు మీద కూర్చున్న అవ్వ అంతా వింది. కొంగు సర్దుకుంది.

"పాపా, నీ భుజమియ్యి" అంది.

"యాడికవ్వా?"

"మీయత్తకాడికి. పదా."

అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుని నడిచింది. బల్ల దాకా పోయాక, బల్ల అంచు తడిమి పట్టుకుని, "నా పేరు రాయిమే. మొదట నాదే రాయి. నాకే ముందు కొయ్యమని చెప్పు" అంది. తర్వాత పెద్దాయన ఎటువైపున్నాడో ఊహించుకుని అటు తిరిగి, "ఏమప్పా, నాది పీకి సీసాలో ఏసుకుంటే, నువ్వు పారిపోదువులే. లేదంటే నా పక్క మంచం నీదే" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేశారు. పెద్దాయన కర్ర రెండుసార్లు నేలకి తాటించి, "రాయమ్మా, రాయి. ఆడమనిషి ముందర నేనెట్ల ఎనక్కు పోయేది" అన్నాడు. ఆ మాట తర్వాత బల్ల చుట్టూ జనం కమ్ముకున్నారు.

అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఆ పూట సంగటి దిగలేదు. ఇప్పుడు అవ్వ కన్ను అవ్వది మాత్రమే కాదు. అది చెడిపోతే అత్త ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు. ఎవరూ చెప్పకపోయినా ఆ సంగతి నాకు తెలిసింది.

చలి వెనకపట్టి, ఎండ ఇంకా ముదరని రోజుల్లో డాక్టర్లు వచ్చారు. గుడంతా సున్నం వాసన, ఫినాయిలు వాసన. బడి గదిలో కిరసనాయిల పొయ్యి మీద కత్తెరలు సలసలా కాగేవి. అక్కడే ఆపరేషన్లు. అవ్వని నేనే నడిపించుకుపోయాను. గడపదాకానే నాకు పర్మిషను. లోపలికి పోతూ అవ్వ "యేసయ్యా, యేసయ్యా" అనుకోవడం, తలుపు మూశాక కూడా ఆ మాట సన్నగా వినిపించడం గుర్తుంది. బయటికి తెచ్చేటప్పుడు రెండు కండ్లకీ కట్టు. ఒక్క కన్నే కోశారు, రెండోది కదలకూడదని అదీ మూశారు. నలుగురు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, రెండువైపులా ఇసుక సంచులు పెట్టారు.

ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరం. అవ్వ పక్కన నేను. అత్త మాకు ముందే నేర్పించి పెట్టింది. చిన్నపిల్లల్ని మంచాల మీద పడుకోబెట్టి, వాళ్ళకి దగ్గు వచ్చినట్టు, మేం రెండు అరచేతుల మధ్య తల ఎట్లా పట్టుకోవాలో, నోరు తెరిచి గాలి పీల్చమని ఎట్లా చెప్పాలో ఆడించింది. అప్పుడదంతా మాకు ఆటే.

పడుకున్నవాళ్ళకి కూడు అత్త దగ్గరుండి చేయించేది. రాగి అంబలి, పెసరపప్పు కలిపిన మెత్తటి అన్నం, మజ్జిగ. నమలకూడదు కదా. కారం పేరుకి కూడా లేదు. మా సీమ ముసలివాళ్ళకి అదే పెద్ద శిక్ష. పెద్దాయన మొదటి పూట నుంచే మొదలుపెట్టాడు. "ఇదేం కూడమ్మా? ఇది తిని బతికేదానికన్నా గుడ్డోనిగా కారంకారంగా ఊరిమిండి పచ్చడి తినుకుంటా ఉండేది మేలు గదా." నన్ను దగ్గరికి పిలిచి, ఇంటికిపోయి ఒక ఎండుమిరక్కాయ తెచ్చిస్తే తన తోటలో జామకాయలన్నీ నావేనన్నాడు. నేను తేలేదు. జామకాయల మీద ఆశ మాత్రం పోలేదు. ఇంకో రోజు తన చెవి కింద ఏదో గుచ్చుకుంటోందని గోలపెట్టాడు. ఖాలా వచ్చి ఇసుక సంచి విప్పితే చెనక్కాయ! ఆమె నావైపు చూసిన చూపుకి నేను మంచం కిందికి దూరినంత పనైంది. "వేగిందేనా? అట్లయితే నా నోట్లో ఎయ్యి" అన్నాడు పెద్దాయన.

ఊళ్ళోనేమో మా తోటి పిల్లలు వాసనల కాపలా. సాయంత్రమైతే గుంపుగా వీధులెమ్మడి తిరిగేవాళ్ళు. ఎక్కడైనా ఘాటు తగిలితే ఆ ఇంటి ముందర నిలబడి అందరూ ఒకేసారి అబద్ధపు దగ్గు దగ్గేవాళ్ళు. ఆ దెబ్బకి లోపల బాణలి దించేయాల్సిందే. ఒకరిద్దరికి అట్లా జరిగాక ఎవరూ సాహసించలేదు. పొద్దుగూకే వేళ ఆ ఊరి మీద ఎప్పుడూ ఉండే వాసన లేకపోవడం నాకు భలే వింతగా తోచేది. జొన్నరొట్టెల వాసన, పేడ వాసన, పొగ వాసన ఉండేవి. అసలైంది ఉండేది కాదు.

అంతా సవ్యంగా జరిగిపోతోందని డాక్టర్లు ఇంకో ఊరికి పోయారు. నర్సుని మా దగ్గర ఉంచి, కట్టు విప్పే రోజుకి వస్తామన్నారు.

వాళ్ళు పోయిన మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. ఆ గాలిలోనే ఎక్కడో దూరపు ఊరినుంచి, శెట్టి కబురు అందని రైతు ఒకాయన మిరపకాయల మూటలతో బండి తోలుకొచ్చాడు. గుడి ముందర నీళ్ళ కాలవ ఉండేది. అందులో చక్రం దిగబడి బండి ఒరిగింది. మూటలు జారి పగిలాయి. ఎద్దులు బెదిరి ఆ మిరపకాయల మీదే తొక్కులాడాయి. అదే సమయానికి సుడిగాలి వచ్చింది.

నాకు ముందు ఘాటు తెలిసింది, తర్వాత కేకలు. ఎర్రటి దుమ్ము కిటికీల్లోంచి లోపలికి వస్తోంది. గుడి ఆ చివర ఎవరో దగ్గారు. ఆ వెంటనే ఇంకొకరు.

"తలలు పట్టుకోండి! తలలు పట్టుకోండి!" అని నర్సు అరిచింది. ఖాలా, మా అమ్మ తలుపులు మూసి, దుప్పట్లు నీళ్ళలో ముంచి కిటికీలకి కట్టడం మొదలుపెట్టారు. నేను అవ్వ తల రెండు చేతుల మధ్య బిగించి పట్టుకున్నాను. తడిగుడ్డ ముక్కు మీద వేశాను.

"అవ్వా, నోరు తెరువు. నోటితో గాలి పీల్చు. దగ్గద్దు. నీకు పుణ్యముంటాది, దగ్గద్దు."

అవ్వ దగ్గును మింగుతోంది. మింగిన ప్రతిసారీ ఒళ్ళంతా కదిలిపోతోంది, మంచం నులక కిర్రుమంటోంది. నా మణికట్లు పట్టుకున్న ఆమె గోళ్ళు నా చర్మంలోకి దిగిపోయాయి. అట్లా ఎంతసేపు మింగిందో. చివరికి ఒక్కటి తప్పించుకుంది. గట్టిగా, గుండెలోంచి వచ్చిన దగ్గు. అవ్వ "అమ్మా!" అంది.

బయట శెట్టి చేసింది మాకు తర్వాత తెలిసింది. అంగడి వదిలేసి పరిగెత్తుకొచ్చి, ముందు తన కండువా తీసి నీళ్ళలో ముంచి మిరపకాయల కుప్ప మీద పరిచాడట. అది చాలలేదు. అంతమందిలో తన పంచె కూడా విప్పి, తడిపి, కప్పి, దాని నాలుగు కొసల మీదా రాళ్ళు పెట్టాడట. చుట్టూ ఆడవాళ్ళున్నారన్న ధ్యాస కూడా లేకుండా నిక్కరుతో నిలబడి బండాయన్ని తిడుతూ, దగ్గుతూ, నీళ్ళు పోయించాడట. చొక్కా చివర కూడా మాసిపోనియ్యని మనిషి.

ఘాటు తగ్గాక చూస్తే అవ్వ కట్టు మీద తడి మరక కనిపించింది. నర్సుని పిలిచాను. ఆమె వంగి చూసి, తాకకుండా లేచింది.

"కన్నీళ్ళు కావచ్చు. కుట్టు కదిలి నీరు కారిందేమో కూడా. ఈ దుమ్ములో విప్పకూడదు. డాక్టరమ్మ రావాలి" అంది.

ఆ ఎదురుచూపు రోజులు అత్త పనులేవీ ఆపలేదు. అంబలి కాయించింది, నీళ్ళు మోయించింది, అందరినీ పలకరించింది. తను మాత్రం అన్నం ముందర కూర్చుని లేచిపోయేది. ఒకసారి గుడి వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంటే చూశాను. ఏడవడం లేదు. సున్నం పెచ్చులు గోటితో గీకుతూ ఉంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

అవ్వ మాత్రం గమ్మున పడుకుని ఉండేది. "నొప్పుండాదా అవ్వా?" అంటే, "లేదులే పాపా, నువ్వు తిన్న్యావా?" అనేది.

డాక్టరమ్మ వచ్చిన పొద్దున జరిగింది చెప్పగానే అవ్వ మంచం వైపే నడిచింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాది ఆఖర్న తెరువు తల్లీ. నాది చెడిపోయుంటే మిగిలినోళ్ళు బెదురుకుంటారు."

డాక్టరమ్మ ఆ ముఖంకేసి కొంచెంసేపు చూసి, పక్క మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దాయన కట్టు విప్పింది. టార్చి వేసి చూసింది, దళసరి అద్దం ఒకటి కంటి ముందర పెట్టింది. పెద్దాయన రెప్పలు కొట్టుకుంటూ ఇటూ అటూ చూశాడు. కాళ్ళ దగ్గర నిలబడిన శెట్టి మీద చూపు ఆగింది.

"శెట్టీ! పంచె కట్టుకోనుండావే! నేను చూసేనాటికే కట్టేసుకోవాల్నా?"

గుడంతా నవ్వు. కట్లతో పడుకున్నవాళ్ళు కూడా నవ్వబోతే, నవ్వద్దు నవ్వద్దని నర్సు అందరి తలలూ పట్టుకుంటూ పరిగెత్తింది. ఆ తర్వాత ఒక్కొక్కటే విప్పుతూ పోయారు. ఒకాయన కన్ను బాగా ఎర్రబడింది గానీ మందుతో తగ్గుతుందన్నారు. దగ్గినవాళ్ళ కుట్లు కూడా నిలబడ్డాయి. ఒక్కో మంచం దాటుతుంటే నా గుండె బరువు తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. అందరివీ బాగుంటే, చెడేది మాదేనేమో అని.

చివరికి అవ్వ. కట్టు కింద దూది ఎండి అతుక్కుపోయింది. డాక్టరమ్మ నీళ్ళతో తడిపి, మెల్లగా, చాలా మెల్లగా తీసింది. టార్చి వేసింది. వంగి ఒకవైపు నుంచి చూసింది, ఇంకోవైపు నుంచి చూసింది. అద్దం పెట్టి తన చెయ్యెత్తింది.

"ఎన్ని వేళ్ళమ్మా?"

అవ్వ ఆ చేతికేసి కన్ను చిట్లించి చూస్తూ ఉంది. అత్త చెయ్యి నా చేతిలో ఉంది. చల్లగా ఉంది.

"ఏమీ కనబడటం లేదా?"

"మూడు" అంది అవ్వ. కాస్త ఆగి, "చేతికి గడియారముండాది. దాంట్లో ముండ్లు కూడా కనపడతాండాయి. టైమెంతని మాత్రం అడగొద్దు తల్లీ, అది నాకు రాదు" అంది.

డాక్టరమ్మ నేల మీద అట్లాగే కూర్చుండిపోయి నవ్వింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. "కన్నీళ్ళే. వట్టి కన్నీళ్ళే. కుట్టు నిక్షేపంలా ఉంది" అంది.

అవ్వ అద్దంలోంచి అత్తని చూసింది. చూసి చూసి, "ఏందిమే, ఇట్ల ఎముకల గూడు మాదిరి అయిపోయినావు? కూడు తింటాండావా లేదా?" అని కసురుకుంది. అత్త అప్పటిదాకా పట్టుకున్నదంతా వదిలేసి మంచంకోడు పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "తింటామ్మా, ఇప్పుడు తింటా" అంది.

డాక్టర్ల జీపు కమలాపురం రోడ్డెక్కి, ఆఖరి మంచం గుడి గడప దాటిన సాయంత్రం, ఊళ్ళో ప్రతి ఇంటా ఒకేసారి నూనె కాగింది. అన్ని వీధుల్లోనూ చుయ్యిమని శబ్దం. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఇంగువ. ఊరంతా తుమ్మింది, ఊరంతా దగ్గింది, అరుగుల మీద కూర్చుని ముక్కులు తుడుచుకుంటూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. శెట్టి దగ్గర మిరపకాయలు ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోయాయి. అత్త ఆ పూట పప్పు సంగటి రెండుసార్లు పెట్టించుకుంది. పెద్దాయన జామకాయలు ఒక గంపనిండా పంపించాడు.

ఇప్పుడా రాతిగుడి లేదు. పడగొట్టి పెద్దది కట్టారు, ఫ్యాన్లు పెట్టారు. బడి కూడా రోడ్డు పక్కకి పోయింది. గుళ్ళలో, సత్రాల్లో కండ్లు కోయాల్సిన అవసరం ఎవరికీ లేదు. అది మంచిదే. నా కన్ను అరగంటలో అయిపోయినప్పుడు నాకు హాయిగానే అనిపించింది. అయినా ఆ పూట నా తల పట్టుకోవడానికి ఎవరూ పక్కన కూర్చోలేదని ఒక్క క్షణం అనిపించింది. అది పెద్ద కష్టమేం కాదు. ఊరికే అనిపించింది.

కొన్ని వారాల తర్వాత అవ్వకి కండ్లద్దాలు వచ్చాయి. సీసా అడుగులాంటి దళసరి అద్దాలు. అవి పెట్టుకున్న మొదటిపొద్దున నన్ను వాకిట్లోకి పిలిచి, ఎండ ముఖం మీద పడేటట్టు కూర్చోబెట్టింది. నేను పుట్టేనాటికే ఆమె కండ్లకి పొర కమ్మిందని నాకు తెలుసు. ఆమె నన్ను ఒక్కసారి కూడా చూడలేదన్న సంగతి మాత్రం అప్పుడే తట్టింది. గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. నాకు సిగ్గేసి నవ్వొచ్చింది.

"ముక్కు మీ తాతది" అంది అవ్వ. "నుదురు మీయమ్మది. నీకు తెలీదుగానీ ఆ చెవులు నావి." మళ్ళీ చాలాసేపు చూసింది. "ఈ నవ్వే ఎవరిదో తెలీలేదు పాపా. మనింట్లో ఎవురికీ లేదు. నీదే అయ్యుంటాది."